సానరాయి రెండో సగం

1909వ సంవత్సరం, చలికాలం వెనకబట్టే రోజులు. కొండ మీద మంచు ఇంకా గట్టిగానే ఉంది గాని, బెర్గామోకి ఎగువన సేరియో నది ఒడ్డున ఇళ్ళ చూరుల నుంచి పగటిపూట నీళ్ళు కారడం మొదలైంది. ఆ లోయలో మగవాళ్ళ పని కొండ కడుపులో, ఆడవాళ్ళ పని కొండ కింద. మగవాళ్ళు సొరంగాల్లో పక్కకి ఒరిగి పడుకుని సానరాయి పొరను ఉలితో తొలుచుకొచ్చేవాళ్ళు. ఆడవాళ్ళు పాకల్లో నిలబడి ఆ రాళ్ళను ఇసుకా నీళ్ళతో బండ మీద రుద్ది చదును చేసేవాళ్ళు. గడ్డి కోతలు మొదలయ్యేసరికి ప్రతి కోతగాడి నడుముకీ ఒక మంచి రాయి వేలాడాలి. రాయి చదునుగా లేకపోతే కొడవలి అంచు వంకరపోతుంది. కోతగాడు రాయి ఏ ఊరి నుంచి వచ్చిందో ఆ ఊరి పేరెత్తి తిడతాడు.

ఒర్సోలా చదును చేసిన రాయిని తిట్టినవాడు లేడు. నలభై దాటిన మనిషి. ఏళ్ళ తరబడి రుద్దీ రుద్దీ ఆమె కుడిభుజం కాస్త కిందికి జారింది. ఇంటికి ఆనుకునే ఆమె పాక. మధ్యలో చెక్కతొట్టి, తొట్టిలో ఇసుకరాతి బండ, పైన చిల్లు పెట్టిన రేకు డబ్బాలోంచి బొట్టు బొట్టుగా నీళ్ళు. రాయి ముఖం మీద ముందు బొగ్గుతో అడ్డంగా, నిలువుగా గీతలు గీస్తుంది. తర్వాత బండ మీద బోర్లించి రుద్దుతుంది. ఎత్తుగా ఉన్నచోట గీతలు ముందు పోతాయి. పల్లంగా ఉన్నచోట మిగులుతాయి. ఆఖరి గీత పోయేదాకా పని అయినట్టు కాదు. అయ్యాక ఇనప బద్ద అంచును రాయి మీద నిలబెట్టి వెలుతురుకేసి పట్టి చూస్తుంది. బద్దకీ రాయికీ మధ్య వెంట్రుకంత వెలుతురు కూడా కనపడకూడదు.

ఈ పని నేర్పింది మొగుడు ప్లాసిదో. ఎడమచేతివాటం మనిషి, సొరంగం నుంచి వచ్చాక తనూ తొట్టి దగ్గర నిలబడేవాడు.

"రెండు రాళ్ళే పెట్టుకుని ఒకదానితో ఒకటి రుద్దావనుకో, ఒకటి గుంటపడుతుంది, ఇంకోటి బొజ్జ పెడుతుంది. రెండూ చక్కగా అతుక్కుంటాయి. నువ్వేమో చదునైందని మురిసిపోతావు. మూడోది తెచ్చి రుద్దితే గాని బండారం బయటపడదు," అనేవాడు.

అతను రుద్దడంలో ఒక తీరుండేది. మూడుసార్లు తోసి, చెయ్యి ఎత్తి, తొట్టిలో వేళ్ళు ముంచి, రాయి మీద నీళ్ళు చిలకరించి, మళ్ళీ మూడుసార్లు. సర్... సర్... సర్... ఒక ఊపిరి ఆగి, మళ్ళీ. ఆ చప్పుడు వింటూనే ఒర్సోలా కొడుకు సెల్సోని జోకొట్టి పెంచింది.

మూడు చలికాలాల కిందట పై సొరంగంలో కప్పు కూలి ప్లాసిదో అవతలే ఉండిపోయాడు. ఇవతలున్నవాళ్ళు తవ్వినకొద్దీ పైనుంచి రాయి దిగింది. చివరికి పాదిరి వచ్చి సొరంగం నోటి దగ్గర నిలబడి ప్రార్థన చదివాడు. నోటికి చెక్కలు కొట్టేశారు. సమాధుల దొడ్డిలో అతని పేరున్న శిలువ కింద ఒట్టి మట్టే. ఆ రోజు ఒర్సోలా ఏడవలేదు. ఒకే మాట అంది, తన కొడుకు ఆ కొండలోకి దిగడని. సెల్సోకి ఇప్పుడు ఇరవై దాటాయి. రాళ్ళబండి తోలుతున్నాడు. తోటివాళ్ళంతా సొరంగాల్లోకి దిగుతుంటే తను గాడిద తోక చూస్తూ నడవాల్సి వస్తోందని రోజూ రుసరుసలాడేవాడు.

గురువారం మధ్యాహ్నం బావగారు బోర్తొలో పాకకి వచ్చాడు. ప్లాసిదోకి అన్న. పొడుగాటి మనిషి, సొరంగాల్లో వంగీ వంగీ బయట కూడా వంగే నడుస్తాడు. వెనక సెల్సో. ఎప్పుడూ వీపు మీద గంపతో వచ్చే బోర్తొలో ఆ రోజు కోటు విప్పి అందులో ఏదో చుట్టి చంకన పెట్టుకొచ్చాడు.

ఆనుకుని ఉన్న పక్క పాకలో తన తొట్టి దగ్గర టెక్లా పిన్ని రుద్దుతోంది. ఊళ్ళో ఆమె నోటికి జడవనివాళ్ళు లేరు.

"ఏంటయ్యా, చంటిపిల్లని తెచ్చినట్టు తెచ్చావు. ముఖం చూపించు, ఎవరి పోలికో చెప్తాం," అంది.

"నీ పోలికైతే తిరిగి కొండకే ఇచ్చేస్తా టెక్లా," అన్నాడు బోర్తొలో.

"ఇవ్వు, ఇవ్వు. నువ్వు తెచ్చే పగుళ్ళ రాళ్ళకంటే నేనే గట్టి."

ఒర్సోలా కోటు విప్పింది. జానెడున్నర పొడవు రాయి. ఒక ముఖం అప్పుడే చీల్చినట్టు శుభ్రంగా ఉంది. వెనకవైపంతా బంకమన్ను గట్టిపడి ఉంది. పొడిరాయిని చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు. రెండు వేళ్ళతో వేలాడదీసి మడిచిన వేలితో తట్టింది. చిన్న గంటలా మోగింది. లోపల పగులు లేదన్నమాట. నీళ్ళు పోసింది. నీళ్ళు ఇంకలేదు, ముఖం మీదే నిలబడ్డాయి. నిలబడగానే రంగు తేలింది. పావురం మెడ మీద ఉండే నీలం.

ఆమె చెయ్యి ఆగింది.

"ఈ రంగు ఎక్కడిది బావగారూ?"

"కొత్త పొర దొరికింది."

"ఎక్కడ?"

"కొండ ఒకటేగా అమ్మాయ్. పొర ఎక్కడ తేలితే అక్కడ తవ్వుతాం." అతను ఆమెకేసి చూడలేదు. "సోమవారం నుంచి సెల్సోని నాతో పంపు. నా ఒక్కడి వల్ల అయ్యేది కాదు."

"పెదనాన్నని నేనే అడిగానమ్మా," అన్నాడు సెల్సో. "పాత పొరంతా పగుళ్ళే. అది చూసుకుంటూ కూర్చుంటే వచ్చే ఏడాది ఈ బండి కూడా ఉండదు."

ఒర్సోలా రాయిని తొట్టిలో పెట్టింది.

"ముందు దీన్ని చదును చెయ్యనివ్వండి. రాయి ఎలాంటిదో చూసి చెప్తా."

సాయంత్రానికి చదునైంది. అంత మెత్తగా, అంత ఒద్దికగా కదిలిన రాయిని ఆమె చాలాకాలంగా చూడలేదు. బద్ద పెట్టి చూసింది. వెలుతురు లేదు. తుడిచి చెక్క అరమీద పెట్టింది.

శుక్రవారం పొద్దున్నే చూస్తే గుంట ఉంది. మొదట కన్ను మోసపోయిందనుకుంది. బద్ద పెట్టింది. అంచుల దగ్గర ఆనింది, మధ్యలో వెలుతురు. గోరు దూరేంత.

"నా రాయి మీద కత్తి నూరావా?" అంది సెల్సోతో.

"నాకు గెడ్డమే సరిగ్గా రాలేదు, కత్తెందుకు?"

"తమాషా కాదురా."

"నేను ముట్టుకోలేదమ్మా. నీ రాయి ముట్టుకుని ఎవడు బతుకుతాడు ఈ ఇంట్లో?"

మళ్ళీ చదును చేసింది. ఈసారి పని అయ్యాక ముఖం నిండా బొగ్గుతో దగ్గర దగ్గరగా గీతలు గీసింది. ఎవరు తాకినా తెలిసిపోవాలని. గుడ్డ కప్పింది. పాక తలుపుకి తాళం వేసి, తాళంచెవి మెడలో వేసుకుంది.

మిట్టమధ్యాహ్నం. పొయ్యి మీద మొక్కజొన్న సంకటి కలుపుతోంది. టెక్లా పిన్ని ఉప్పు అప్పు అడగడానికి వచ్చి గుమ్మంలో నిలబడి కబుర్లు మొదలెట్టింది. బయట ఎండ. పెరట్లో కోళ్ళు.

సర్... సర్... సర్...

టెక్లా మాట ఆపలేదు. రోజంతా విని విని ఆ చప్పుడు చెవికి ఆనని ఊరది. ఒర్సోలా చేతిలో తెడ్డు మాత్రం ఆగిపోయింది.

సర్... సర్... సర్...

"పిన్నీ."

"ఊఁ?"

"మనిద్దరం ఇక్కడున్నాం."

టెక్లా గోడకేసి తల తిప్పింది. చప్పుడు గోడ అవతల నుంచి వస్తోంది. పాకలోంచి. మూడుసార్లు. ఒక ఊపిరి ఆగి... మళ్ళీ మూడుసార్లు.

"లోపలెవరే?" అంది టెక్లా గొంతు తగ్గించి.

"తాళంచెవి నా మెడలో ఉంది."

ఇద్దరూ కలిసే వెళ్ళారు. తాళం తీస్తుండగా చప్పుడు ఆగింది. లోపల ఎవరూ లేరు. తొట్టి పొడిగా ఉంది. డబ్బా ఖాళీ. అర మీద కప్పిన గుడ్డ కప్పినట్టే ఉంది. ఒర్సోలా దాన్ని తీసింది. గుడ్డ తడిగా ఉంది.

రాయి ముఖం మీద రాతిపొడి నీళ్ళతో కలిసిన బూడిదరంగు రాతిముద్ద, అప్పుడే రుద్ది వదిలినట్టు. నాలుగు అంచుల దగ్గరా బొగ్గు గీతలు గీసినవి గీసినట్టే ఉన్నాయి. మధ్యలో మాత్రం లేవు. నున్నగా, గుంటగా, తుడిచిపెట్టినట్టు పోయాయి.

ఆ పని చేసేవాళ్ళకి అది చదవడానికి చదువు అక్కర్లేదు. గుంట ఉన్న రాయిని చదునైన బండ మీద రుద్దితే గీతలు మిగలాల్సింది మధ్యలో. మధ్యలో పోయి అంచుల్లో మిగిలాయంటే, దీన్ని రుద్దింది బొజ్జ ఉన్న రాయి. దీనికి జోడీ అయిన రాయి.

"దీని రెండో సగం ఏదీ?" అంది టెక్లా. ఆమె గొంతులో వెటకారం లేదు.

ఆ కొండలో ఒక పద్ధతుంది. దిమ్మని రెండుగా చీలిస్తే రెండు సగాలూ ఒకే గంపలో, ఒకే రోజు కొండ దిగాలి. ఒకటి లోపల వదిలి రాకూడదు. ఎందుకని ఎవరూ అడగరు. వాన పడుతున్నా, కాలు బెణికినా, రెండో సగం కోసం వెనక్కి వెళ్ళి తెచ్చినవాళ్ళను ఒర్సోలా చూసింది. బోర్తొలో తెచ్చింది ఒక్కటే.

ఆమె రాయిని తిప్పి వెనకనున్న మన్ను కడిగింది. పావురం మెడ రంగు మీద ఐమూలగా ఒక తెల్లటి దారం లాంటి గీత. అంచున ఉలిగాట్లు వరసగా ఉన్నాయి. ఊళ్ళో ప్రతివాడి ఉలిగాట్లూ ఒక పక్కకి వాలుతాయి. ఇవి రెండో పక్కకి వాలాయి.

ఎడమచేతివాటం.

టెక్లా ఉప్పు సంగతి మర్చిపోయి వెళ్ళిపోయింది.

సాయంత్రం బోర్తొలో వస్తూనే ఒర్సోలా చేతిలో రాయి వెనకవైపు చూశాడు. అడగక్కర్లేకపోయింది. గుమ్మం మెట్టు మీద కూర్చుండిపోయాడు.

"పక్క సొరంగంలో గోడ చీలింది. వానలకి. పాక్కుంటూ పోతే ఆ పాత చోటే. కప్పు కూలిన రాళ్ళగుట్ట దగ్గర తేలాను." టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "గుట్టలో ఒక కంత ఉంది. కంతలో రెండు సగాలు ఒకదాని మీద ఒకటి పెట్టి ఉన్నాయి. తమ్ముడు ఆ రోజు చీల్చి పెట్టుకున్నవే అయ్యుంటాయి."

"రెండూ ఎందుకు తేలేదు?"

"తియ్యబోయాను. పైది వచ్చింది. కిందది రాలేదు."

"ఇరుక్కుందా?"

బోర్తొలో మోకాలి మీది టోపీని అటూ ఇటూ తిప్పాడు.

"ఇరుక్కున్న రాయి కదలదు అమ్మాయ్. అది కదిలింది. నేనిటు లాగితే... అటు పోయింది."

లోపల సెల్సో చెక్కచెప్పులకి మేకు కొడుతూ ఈల వేస్తున్నాడు.

"అలాంటి చోటికి నా కొడుకుని తీసుకెళ్దామనుకున్నారు."

"అంత మంచి పొర ఒర్సోలా. వాడి జీవితానికి సరిపోతుంది."

"ఆదివారం దాన్ని తిరిగి పెట్టేసి రండి. నేనూ వస్తా. ఆ చీలికకి చెక్కలు కొట్టడం నా కళ్ళతో చూడాలి. లేకపోతే సోమవారం వాడు మీ వెనకే వస్తాడు, నాకు తెలుసు."

శనివారం ఆమె పాక తలుపు తియ్యలేదు. ఇంట్లో పొయ్యి దగ్గరున్నా చప్పుడు వినపడింది. సెల్సో, "టెక్లా అమ్మమ్మకి ఇవాళ ఒంట్లో ఓపిక ఎక్కువైంది," అన్నాడు. టెక్లా తొట్టి ఆ రోజు పొడిగానే ఉంది.

ఆదివారం మధ్యాహ్నం జోసెఫు పునీతుడి ఊరేగింపు. పల్లకి మోసేవాళ్ళలో సెల్సో ఒకడు. గుడికి వెళ్ళే తొందరలో అద్దం ముందు నిలబడి నూనె రాసుకుని తల దువ్వుకుంటున్నాడు. ఒర్సోలా సంకటి కుండ బల్ల మీద బోర్లించి, ఆవిరి పోకుండా గుడ్డ కప్పింది. బోర్తొలోతో వెళ్ళి కాస్సేపట్లో వస్తామని సెల్సోకి చెప్పింది. పాకలోకి వెళ్ళి రాయి తీసింది. గుంట ఇంకా లోతైంది.

అప్పుడు చేసింది ఆ పని. ఆలోచించి చెయ్యలేదు. గుంటపడ్డ రాయి ఆమె చేతి నుంచి ఎన్నడూ గడప దాటలేదు. తొట్టిలో ఇసుక పోసి, నీళ్ళు వదిలి, గబగబా రుద్ది చదును చేసేసింది. బద్ద పెట్టి చూసి, కడిగి, శుభ్రమైన గుడ్డలో చుట్టింది. అదీ ఆమె చేసిన పొరపాటు. ఆ లోయలో ఏ ఆడదైనా అదే చేసుండేది.

బోర్తొలో తవ్వే సొరంగం ఇంటి వెనక వాలులోనే. బోర్తొలో భుజాన చెక్కలు, నడుముకి సుత్తీ మేకులూ, చేతిలో కార్బైడు దీపం. లోపలికి వంగిన కొన్ని అడుగుల్లోనే ఎండ వెనకపడింది. గుడిగంట మొదటిసారి మోగడం వినపడింది. తర్వాత అదీ వినపడలేదు. దీపంలో మండే గ్యాసు నుంచి వెల్లుల్లి కంపు. తడిమన్ను వాసన. గోడ వేలికి తగిలితే చల్లగా, చెమట పట్టిన ఒంటిలా ఉంది. నడవడం అయిపోయి వంగడం, వంగడం అయిపోయి మోకాళ్ళు, తర్వాత పొట్ట. రాయి ఆమె రొమ్ము కింద ఒత్తుకుంటోంది.

చీలిక దాటాక గాలి మారింది. మూడేళ్ళుగా మూసుకున్న చోట ముక్కిపోయిన వాసన ఉండాలి. అక్కడ లేదు. ఇసుకా, నీళ్ళూ, తాజా రాతిముద్దా కలిసిన వాసన. పని నడుస్తున్న పాక వాసన.

ఆమె ఆగింది.

"రా," అని గుసగుసగా అన్నాడు బోర్తొలో. "ఇంకొంచెమే."

కూలిన రాళ్ళగుట్ట దీపం వెలుగులో తెల్లగా కనిపించింది. దాని అడుగున కంత. ఒక చెయ్యి పట్టేంత. బోర్తొలో దీపాన్ని కంతకి ఆనించాడు. లోపల, చెయ్యి చాచితే అందేంత దూరంలో రెండో సగం ఉంది. ముఖం పైకి. మధ్యలో ఉబ్బి, బొజ్జ పెట్టి.

అది తడిగా మెరుస్తోంది. బొజ్జ మీద నల్లగా ఏదో పూసినట్టు చారలు.

"బావగారూ... అది నా బొగ్గు."

"మాట్లాడకు. ఇలా ఇవ్వు."

గుడ్డ విప్పి ఇచ్చింది. అతను కంతలోకి భుజం దాకా చెయ్యి పెట్టాడు. చెంప రాళ్ళకి ఆనింది. లోపల రాయి రాయిని తాకిన చప్పుడు.

టక్.

కాస్సేపాగి... టక్.

"కూర్చోవట్లేదు," అన్నాడు. "ఊగుతోంది. మొన్న తీసినప్పుడు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. ఏం చేశావు దీన్ని?"

అప్పుడు తెలిసింది ఆమెకి.

"చదును చేశా."

"ఎందుకు?"

ఆమె అతని కోటు అంచు పట్టుకుంది.

"వదిలెయ్యండి. ఎలా ఉంటే అలా వదిలేసి చెయ్యి తీసెయ్యండి."

"తీస్తున్నా."

తియ్యలేదు.

"బావగారూ."

"ఉండు..."

"చెయ్యి తియ్యండి."

"పట్టుకున్నారు," అన్నాడు బోర్తొలో.

అతని భుజం ముందుకి కదిలింది. వెనక్కి వచ్చింది. మళ్ళీ ముందుకి. అతను కదుపుతున్నది కాదు. అతని కళ్ళు ఆమె ముఖం మీదే ఉన్నాయి, కదలకుండా.

సర్... సర్... సర్...

"చల్లగా ఉంది," అన్నాడు ఆశ్చర్యంగా. "ఒర్సోలా... చాలా చల్లగా ఉంది."

సర్... సర్... సర్...

తర్వాత అతను మాట్లాడలేదు. పళ్ళ మధ్య నుంచి ఒక సన్నటి మూలుగు మాత్రం. కంత అంచు మీదుగా బూడిదరంగు ముద్ద జారడం మొదలైంది. నెమ్మదిగా, పలచగా. దీపం వెలుగులో దాని రంగు మారుతోంది...

ఆమె అతని నడుము పట్టుకుని లాగింది. కాళ్ళు రాళ్ళకి తన్ని లాగింది. అటునుంచి పట్టు గట్టిగా ఉంది. కోపంతో పట్టినట్టు లేదు. పనిమీద ఉన్నవాడు రాయిని పట్టుకున్నట్టు ఉంది. ఒక రాయి చదునుగా ఉంది, ఒకటి బొజ్జతో ఉంది. రెండే ఉంటే పని తెగదు. మూడోది కావాలి.

"ప్లాసిదో," అంది. పైకే అంది. "నేను."

సర్... సర్... సర్...

చప్పుడు ఆగింది. ఆ ఆగిన క్షణంలో, ఒక్క చుక్క నీరు లేని ఆ చోట, వేళ్ళు నీళ్ళలో ముంచిన చప్పుడు వినపడింది. కంతలోంచి చిన్న తుంపర వచ్చి ఆమె చెంప మీద పడింది.

మళ్ళీ మొదలైంది.

ఆ తుంపర ఆమెకి తెలుసు. ఇరవై ఏళ్ళు ఆ తుంపర పక్కన నిలబడి పనిచేసింది. మూడు తోపులకి ఒకసారి చెయ్యి ఎత్తుతాడు. నీళ్ళకోసం. అప్పుడు రాయి మీద చెయ్యి ఉండదు.

లాగడం ఆపేసింది. అతని నడుము చుట్టూ చేతులు వేసి, చెవి రాళ్ళకి ఆనించి విన్నది.

సర్...

సర్...

సర్...

లాగింది.

ఇద్దరూ వెనక్కి పడ్డారు. దీపం దొర్లి ఆరిపోయింది. చీకట్లో బోర్తొలో కుడిచేతిని కోటులో చుట్టుకోవడం ఆమెకి చప్పుడుని బట్టి తెలిసింది. వచ్చిన దారినే పాక్కుంటూ వెనక్కి. తల తగిలింది, మోకాళ్ళు కోసుకుపోయాయి. వెనక ఏ చప్పుడూ లేదు. చీలిక దాటి, వచ్చేటప్పుడు అక్కడ దించిన చెక్కలు అడ్డంపెట్టి, సుత్తీ మేకులూ అతని నడుము నుంచి తీసుకుని చీకట్లోనే తడుముకుంటూ మేకులు కొట్టింది. ఆఖరి మేకు కొట్టాక చెయ్యి ఆపి విన్నది.

సర్... సర్... సర్...

తొందరేమీ లేనట్టు.

ఇంటికి వచ్చేసరికి సెల్సో అద్దం ముందే ఉన్నాడు. దువ్వెన ఇంకా చేతిలోనే ఉంది.

"ఇప్పుడేగా వెళ్ళారు," అన్నాడు అద్దంలోంచే. "ఏమైనా మర్చిపోయారా?"

బల్ల మీద సంకటి. ఒర్సోలా దానిమీది గుడ్డ తీసింది. ఆవిరి వచ్చింది. కింద ఊళ్ళో గుడిగంట మోగుతోంది. వాళ్ళు సొరంగంలోకి వంగినప్పుడు మొదలైన మోతే, ఇంకా అయిపోలేదు.

సెల్సో వెనక్కి తిరిగి పెదనాన్నని చూశాడు. దువ్వెన కిందపడింది.

ఒర్సోలా అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, కోటు విప్పి, అతని చెయ్యి గిన్నెలో పెట్టి గోరువెచ్చని నీళ్ళు పోసింది. ముద్ద కరిగి నీళ్ళు బూడిదరంగు అయ్యాయి, తర్వాత ఎర్రబడ్డాయి. రాయి పడి నలిగిన చేతులు ఆ ఊళ్ళో అందరికీ తెలుసు. ఇది అలాంటిది కాదు. అరచేతిలో గీతల్లేవు. కాయల్లేవు. ఎత్తూ పల్లం లేదు. వేళ్ళూ, అరచెయ్యీ, లోపలి ఎముకా అన్నీ ఒకే మట్టంలో, నున్నగా. రోజుల తరబడి రుద్దితే గాని అలా రాదు. ఒర్సోలా కంటికి అది పనిగా కనిపించింది. మంచి పనిగా. అలా కనిపించినందుకు ఆమె చూపు పక్కకి తిప్పుకుంది.

"దేవుడా, ఏం జరిగింది?" అన్నాడు సెల్సో.

"రాళ్ళు జారాయిరా," అన్నాడు బోర్తొలో. అతని పెదాలు తెల్లగా ఉన్నాయి.

ఒర్సోలా ఇంకొంచెం నీళ్ళు పోసింది. బొటనవేలి మొదట్లో, ఆ నున్నటిదంతా ఆగిపోయిన చోట, చర్మం కాస్త మిగిలి ఉంది. ఆ మిగిలిన చోట సన్నటి నల్లగీతలు. అడ్డంగా కొన్ని, నిలువుగా కొన్ని. దగ్గర దగ్గరగా, శ్రద్ధగా గీసినవి. గీత ప్రతిదీ ఆ ఉలిగాట్లలాగే రెండో పక్కకి వాలి ఉంది.

తన వేలితో రాసి చూసింది. వేలికి నలుపు అంటింది. బొగ్గే.

"ఏంటమ్మా అది?" అన్నాడు సెల్సో.

ఆమె వేలు గుడ్డకి తుడుచుకుంది. గీతలు మిగిలి ఉన్నాయంటే పని ఇంకా అవ్వలేదని బోర్తొలోకీ తెలుసు. అతను ఎడమచేతిని బల్ల కింద దాచుకున్నాడు.

సెల్సో సోమవారం సొరంగంలోకి దిగలేదు, ఆ తర్వాతా దిగలేదు. నది పక్కన సున్నపు బట్టీలో పనికి కుదిరాడు. ఆ వారంలోనే బెర్గామో ఆసుపత్రిలో బోర్తొలో కుడిచెయ్యి మణికట్టు పైదాకా తీసేశారు.